నీళ్ల క్యాను నుంచి బావి గిలక దాకా: మన వీధిలోనే ఆరు యంత్రాలు

పిల్లలూ, పొద్దున్నే బడికి బయల్దేరినప్పుడు మీ వీధిలో ఏమేం కనిపిస్తాయి? బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటే జవాబు చెప్పడం తేలికే. ఓ పక్క నీళ్ల ట్యాంకరు ఆగి ఉంటుంది. ఇంకో పక్క క్యాన్లు వేసే అన్న ఆటో దించుతూ ఉంటాడు. కొత్తగా లేస్తున్న భవనం దగ్గర ఇసుక, ఇటుకలు పైకి వెళుతుంటాయి. కుందలహళ్లి గేటు వైపు నడిస్తే కొబ్బరిబోండాల బండి, చెరకురసం బండి, పంక్చర్ల దుకాణం ఉంటాయి. తల పైకెత్తితే మెట్రో రైలు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఈ దారిలో మీకు యంత్రాలెన్ని కనిపించాయి?

ఆటో, ట్యాంకరు, మెట్రో అని మూడు వేళ్లు మడిచి ఆగిపోయారు కదూ! మరి క్యానుల అన్నను ఇంకోసారి చూడండి. నిండు క్యానులో 20 లీటర్ల నీళ్లుంటాయి, అంటే 20 కిలోల బరువు. దాన్ని ఆటో నుంచి గేటు దాకా ఎత్తుకుని మోస్తున్నాడా? లేదు. పక్కకు పడేసి దొర్లిస్తున్నాడు. గేటు దగ్గర మెట్టు వస్తే చెక్క పలక ఒకటి వాలుగా పెట్టి పైకి నెడుతున్నాడు. ఇంట్లో అమ్మ ఆ క్యానును స్టూలు అంచున ఆనించి, మెడ పట్టుకుని కొంచెం వంచితే చాలు, బిందెలోకి నీళ్లు పడతాయి. దొర్లించినప్పుడు క్యానే చక్రం. పలక వాలుతలం. స్టూలు అంచున వంచినప్పుడు క్యానే మీట. కరెంటు లేదు, పెట్రోలు లేదు. అయినా మూడు యంత్రాలు పనిచేశాయి.

వీటినే సరళ యంత్రాలు అంటారు. ఈ వారం మన పాఠం ఇదే.

యంత్రం అంటే ఏమిటి?

పెద్ద శబ్దం చేసేదే యంత్రం అనుకోకండి. మనం పెట్టే బలాన్ని పెంచేది, లేదా దాని దిక్కు మార్చేది, లేదా కదలికను పెంచేది ఏదైనా యంత్రమే. అలాంటివాటిలో అన్నిటికన్నా చిన్నవి, ఇంకా చిన్న యంత్రాలుగా విడగొట్టలేనివి ఆరు: మీట, చక్రం–ఇరుసు, కప్పీ, వాలుతలం, చీల, మర. మీ సైకిలైనా, మెట్రో రైలైనా విప్పుకుంటూ పోతే చివరికి ఈ ఆరింటి దగ్గరికే చేరతాం.

ఈ జాబితా ఈనాటిది కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సిరక్యూస్ నగరంలో ఉన్న ఆర్కిమెడీస్ మీట లెక్కను రుజువు చేశాడు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే పండితుడు బరువులెత్తే సాధనాలు ఐదని రాశాడు. వాలుతలాన్ని ఆ తర్వాత చాలా కాలానికి చేర్చారు. సుమారు 1600లో గెలీలియో అన్నిటికన్నా ముఖ్యమైన మాట తేల్చాడు: యంత్రం మనకు పనిని ఊరికే చేసిపెట్టదు.

ఈ చివరి మాటను బాగా గుర్తుపెట్టుకోండి. బలం తగ్గితే దూరం పెరుగుతుంది. తక్కువ బలంతో ఎత్తాలంటే ఎక్కువ దూరం లాగాలి. సంతలో బేరంలాంటిదే ఇది. ఒకచోట తగ్గించుకున్నది ఇంకోచోట కట్టాల్సిందే. ఈ పాఠమంతా ఆ బేరం గురించే.

మీట: గడ్డపార చెప్పే లెక్క

రాయలసీమ వాళ్లు గడ్డపార అంటారు, కోస్తా వాళ్లు గునపం అంటారు. పేరేదైనా భూమిలో పాతుకుపోయిన బండరాయిని కదిలించేది అదే. ఎలా?

మీటకు మూడు చోట్లు ఉంటాయి. బరువు ఉన్న చోటు భారం. మనం నొక్కే చోటు బలం. మీట ఆనుకుని తిరిగే చోటు ఆధారం. గడ్డపార పొడవు 150 సెంటీమీటర్లు అనుకుందాం. రాయికి 25 సెంటీమీటర్ల దూరంలో, గడ్డపార కింద చిన్న రాయి పెట్టాం. అదే ఆధారం. ఇటువైపు 125 సెంటీమీటర్లు మిగిలింది. 125ను 25తో భాగిస్తే 5. అంటే 60 కిలోల భారాన్ని 12 కిలోల బలంతో లేపవచ్చు. మరి బేరం మాటేమిటి? రాయి 5 సెంటీమీటర్లు లేవాలంటే మన చేయి 25 సెంటీమీటర్లు కిందికి దిగాలి. బలం ఐదోవంతైంది, దూరం ఐదింతలైంది. లెక్క సరిపోయింది.

మీటలు మూడు రకాలు. తేడా అంతా నడుమ ఏముందన్నదే.

మొదటి రకంలో నడుమ ఆధారం ఉంటుంది. గడ్డపార, కత్తెర, తక్కెడ, పార్కులోని సీసా బల్ల ఈ రకం.

రెండో రకంలో నడుమ భారం ఉంటుంది. అడకత్తెర గుర్తుందా? నాయనమ్మ వక్కలు కత్తిరించేది. ఆధారం ఒక చివర, చేయి ఇంకో చివర, వక్క నడుమ. నిమ్మకాయ పిండే సాధనం, ఇసుక తోసే ఒంటి చక్రం బండి, మీ తరగతి తలుపు కూడా ఈ రకమే. నమ్మకం లేకపోతే తలుపును పిడి దగ్గర ఒక వేలితో నెట్టండి, తర్వాత బందుల దగ్గర నెట్టండి. తేడా మీ వేలే చెబుతుంది.

మూడో రకంలో నడుమ బలం ఉంటుంది. పట్టకారు, చీపురు, చేపల గాలం ఇలాంటివి. వీటితో బలం కలిసిరాదు, పైగా కాస్త ఎక్కువే పెట్టాలి. మరెందుకు వాడతాం? చేయి కొంచెం కదిలితే చీపురు కొస చాలా దూరం ఊడుస్తుంది. ఇక్కడ బేరం తిరగబడింది. బలం ఇచ్చి దూరం కొనుక్కున్నాం. మీ మోచేయి కూడా ఈ రకం మీటే.

బావి దగ్గర కప్పీ

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్ నుంచి దక్షిణంగా, సర్జాపుర వైపు వెళదాం. అక్కడ భోవిపాళ్య అనే చోట బావులు తవ్వే కుటుంబాలు ఉన్నాయి. కర్ణాటకలో వాళ్లను మణ్ణు వడ్డర్లు అంటారు. మన ఆంధ్ర, తెలంగాణల్లో వడ్డెరలు అంటే తెలియనివారుండరు. మట్టి పని చేసేవారు మణ్ణు వడ్డర్లు, రాతి పని చేసేవారు కల్లు వడ్డర్లు. తరతరాలుగా కన్నడ నేల మీద ఉన్నా వీరిలో చాలామంది ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. బెంగళూరు చెరువు గట్ల వెనుక, పాత బావుల వెనుక ఇలాంటివాళ్ల చెమట ఉంది.

బోరుబావులు వచ్చాక వీళ్ల పని తగ్గిపోయింది. కానీ బోర్లు ఎంతకని నీళ్లిస్తాయి? 2024 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. బ్రూక్‌ఫీల్డ్, వైట్‌ఫీల్డ్ వైపు బోర్లు ఎండిపోయి, ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. కావేరి నీళ్లు మనకు రావాలంటే దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, వందల మీటర్ల ఎత్తుకు పంపులతో తోడాలి. అందుకే వాన నీటిని మన నేలలోకే ఇంకించే బావులు మళ్లీ కావాల్సివచ్చాయి. ఆ పని తెలిసిన చేతులు మణ్ణు వడ్డర్లవే. నగరంలో పది లక్షల బావులు తవ్వాలనే ప్రయత్నంలో వాళ్లు భాగమయ్యారు. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను బాగుచేసిందీ వాళ్లే.

ఒక ఇంకుడు బావి సాధారణంగా 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉంటుంది. దానిలోంచి ఎంత మట్టి వస్తుందో లెక్క వేద్దామా? సుమారు 141 ఘనపుటడుగులు, అంటే దాదాపు 4 ఘనపు మీటర్లు. బరువు చూస్తే 7 టన్నుల దాకా ఉండవచ్చు. ఒక్కో తట్టకు 15 కిలోలు అనుకుంటే 460కి పైగా తట్టలు! ఒకరు కింద నిలబడి తవ్వుతుంటే, పైవాళ్లు ఒక్కో తట్టనూ తాడుతో లాగాలి.

ఇక్కడే గిలక వస్తుంది. పుస్తకంలో దీని పేరు కప్పీ. బావి మీద గిలక లేకపోతే ఏం చేయాలి? అంచున వంగి, చేతులతో పైకి లాగాలి. నడుం విరిగిపోతుంది, కాలు జారే ప్రమాదమూ ఉంది. గిలక ఉంటే? తాడును కిందికి లాగితే తట్ట పైకి వస్తుంది. ఒక్క గిలక బరువును తగ్గించదు. 15 కిలోలకు 15 కిలోల బలం పెట్టాల్సిందే. కానీ దిక్కు మారింది. ఇప్పుడు నిటారుగా నిలబడి, మన ఒంటి బరువును కూడా తాడు మీద వేసి లాగవచ్చు. అదే పెద్ద మేలు.

బరువు కూడా తగ్గాలంటే ఇంకో కప్పీ కావాలి. అది పైన కదలకుండా ఉండేది కాదు, బరువుతో పాటు కదిలేది. అప్పుడు తట్టను రెండు పేటల తాడు మోస్తుంది. 15 కిలోలకు ఏడున్నర కిలోల బలం చాలు. బేరం మామూలే: తట్ట 20 అడుగులు పైకి రావాలంటే 40 అడుగుల తాడు లాగాలి. భవనాలు కట్టేచోట కనిపించే పెద్ద క్రేన్లు ఇలా ఎన్నో కప్పీలను కలిపి టన్నుల బరువు లేపుతాయి.

మీ అపార్టుమెంటులో లిఫ్టు ఉందా? చాలా లిఫ్టులు పని చేసేదీ కప్పీతోనే. తాడుకు ఒకవైపు మనం నిలబడే గది, ఇంకోవైపు ఇనుప దిమ్మెలు. మనం ఎక్కుతుంటే దిమ్మెలు దిగుతాయి. అందుకే మోటారు మొత్తం బరువును ఒంటరిగా లాగాల్సిన పని ఉండదు.

ఒక హెచ్చరిక. బావి పని చూడటానికి తేలికగా ఉంటుంది కానీ చాలా ప్రమాదకరం. గోడ కూలవచ్చు, లోపల గాలి చెడవచ్చు. తవ్వే బావి దగ్గరికి, భవనాలు కట్టేచోటికి ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకండి.

తాతల కాలం నీటి యంత్రాలు

పంపులు లేని రోజుల్లో మన పల్లెల్లో పొలాలకు నీళ్లెలా పారేవి? మీ తాతయ్యను అడిగితే రెండు పేర్లు చెబుతారు. ఒకటి ఏతం, రెండోది కపిల.

ఏతం మొదటి రకం మీట. నిలబెట్టిన గుంజ మీద పొడవాటి దూలం. ఒక చివర బావిలోకి దిగే బాన, రెండో చివర బరువు. కొన్నిచోట్ల బరువుకు బదులు మనుషులే దూలం మీద ముందుకూ వెనక్కూ నడిచేవారు. నడిచిన ప్రతిసారీ ఒక బాన నీళ్లు.

కపిలలో రెండు యంత్రాలు కలిసి పనిచేసేవి. బావి మీద గిలక, గిలక మీదుగా లావాటి తాడు, తాడుకు తోలు సంచి. తాడు ఇంకో చివర ఎద్దులకు కట్టేవారు. ఎద్దులు నడిచే బాట వాలుగా, దిగుడుగా ఉండేది. ఎందుకో ఊహించండి! బరువు లాగేటప్పుడు ఎద్దులు కిందికి దిగుతాయి. వాటి ఒంటి బరువు కూడా సాయం పడుతుంది. ఖాళీ సంచి బావిలోకి దిగేటప్పుడు ఎద్దులు పైకి ఎక్కుతాయి. చదువుకోని రైతు కూడా వాలు లెక్కను ఎంత చక్కగా పట్టుకున్నాడో చూశారా?

చక్రం–ఇరుసు: తిరుగలి నుంచి కుళాయి దాకా

పెద్ద చక్రం, దాని నడుమ సన్నని ఇరుసు. రెండూ కలిసి తిరుగుతాయి. చెరకురసం బండి మీద పెద్ద చక్రాన్ని చూశారు కదా? చేయి పెద్ద చుట్టు తిరుగుతుంది, లోపలి ఇరుసు చిన్న చుట్టు తిరుగుతుంది. అందుకే మన చేతి బలం లోపల పెద్ద బలమై చెరకును నలిపేస్తుంది. అమ్మమ్మ ఇంటి తిరుగలి పిడి అంచున ఎందుకు ఉంటుంది, నడుమ ఎందుకు ఉండదు? కారణం ఇదే. స్క్రూడ్రైవరు పిడి లావుగా ఉండటం, కారు స్టీరింగు పెద్దగా ఉండటం, కుళాయి పిడి వెడల్పుగా ఉండటం, అన్నిటికీ ఒకటే జవాబు.

బండి చక్రం చేసే మేలు వేరు. నేల మీద ఈడ్చుకుపోతే రాపిడి అడ్డుపడుతుంది. దొర్లిస్తే ఆ రాపిడి చాలా తగ్గుతుంది. మన క్యానుల అన్న చేసిందీ అదే.

చీల, మర

కొబ్బరిబోండం కొట్టే కత్తి అంచును దూరం నుంచే చూడండి. ముందు సన్నగా, వెనుక మందంగా ఉంటుంది. ఇదే చీల. మనం కిందికి కొట్టిన బలాన్ని అది రెండు పక్కలకు తోస్తుంది. అందుకే బోండం విచ్చుకుంటుంది. గొడ్డలి, ఉలి, కత్తిపీట, నాగలి కర్రు, మేకు మొన, మీ ముందు పళ్లు, అన్నీ చీలలే. కల్లు వడ్డర్లు పెద్ద బండను పగలగొట్టే తీరు కూడా ఇంతే. రాతి మీద వరుసగా చిన్న గుంతలు చేసి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, ఒక్కోదాని మీద వంతులవారీగా సుత్తితో కొడతారు. బండ గీత గీసినట్టు విడిపోతుంది.

మర అంటే చుట్టిన వాలుతలం. నమ్మలేరా? ఒక కాగితాన్ని మూల నుంచి మూలకు కోసి ముక్కోణం చేయండి. దాన్ని పెన్సిలు చుట్టూ చుట్టండి. వాలు అంచు పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. స్క్రూ మీద ఉండే గీతలు అవే. సీసా మూత, బల్బు అడుగు, జంతికల గొట్టం మర, అన్నిటిలో ఇదే ఉంది.

పంక్చర్ల దుకాణంలో కారును లేపే జాకీని గమనించండి. పిడి 20 సెంటీమీటర్ల పొడవుంటే ఒక చుట్టుకు మన చేయి సుమారు 125 సెంటీమీటర్లు తిరుగుతుంది. ఆ చుట్టులో మర అర సెంటీమీటరు పైకి లేస్తుందనుకుందాం. 125ను అరతో భాగిస్తే 250. లెక్క ప్రకారం బలం 250 రెట్లు కావాలి. రాపిడి అందులో చాలా భాగాన్ని తినేస్తుంది. అయినా మిగిలినదే కారును లేపడానికి చాలు. తినేసిన ఆ రాపిడి ఇంకో మేలు కూడా చేస్తుంది. చేయి తీసినా జాకీ దానంతట అది దిగిపోదు.

వాలుతలం: ఎవరికి దారి, ఎవరికి గోడ?

వాలుతలాన్ని కావాలనే చివరికి ఉంచాం. ఆరింటిలో అతి తేలికైనది ఇదే. కదిలే భాగం ఒక్కటీ లేదు. కానీ సరిగ్గా కట్టకపోతే అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేదీ ఇదే.

ముందు లెక్క. సిమెంటు బస్తా 50 కిలోలు. లారీ ఎత్తు ఒక మీటరు. నేరుగా ఎత్తితే 50 కిలోల బలం కావాలి. 4 మీటర్ల పలక వాలుగా వేసి చక్రాల బండి మీద తోస్తే పన్నెండున్నర కిలోల బలంతో, కాస్త రాపిడికి కలుపుకుంటే చాలు. పలక ఎంత పొడవైతే పని అంత తేలిక. కొండ దారులు మెలికలు తిరుగుతూ ఎక్కేది ఇందుకే.

ఇప్పుడు మీ బడి గుమ్మం దగ్గరికి రండి. మూడు మెట్లున్నాయి, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. మొత్తం 45 సెంటీమీటర్ల ఎత్తు. చక్రాల కుర్చీలో వచ్చే మీ స్నేహితురాలికి ఈ మూడు మెట్లే మూడు గోడలు. పక్కన ర్యాంపు కడితే ఆ గోడలు పోతాయి. కానీ ఎంత పొడవు కట్టాలి?

మన దేశ మార్గదర్శకాల్లో దీనికి ఒక కొలత ఉంది: 1కి 12. అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు. 45ను 12తో గుణిస్తే 540 సెంటీమీటర్లు, అంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. అమ్మాయి, కుర్చీ కలిపి 75 కిలోలు అనుకుంటే, ఈ ర్యాంపు మీద సుమారు 6 కిలోల బలంతో ఎక్కవచ్చు. తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ రావచ్చు.

చోటు లేదనో, ఖర్చనో అదే మెట్ల మీద ఒకటిన్నర మీటర్ల సిమెంటు వాలు పోసి వదిలేస్తే? 75 కిలోలకు ఇరవై రెండున్నర కిలోల బలం కావాలి. ఆమె ఒంటరిగా ఎక్కలేదు. దిగేటప్పుడు కుర్చీ అదుపు తప్పుతుంది. చూసేవాళ్లకు అక్కడ ర్యాంపు ఉంది. ఆమెకు మాత్రం లేదు. రోజూ ఎవరో ఒకరు తోయాలి, వాళ్లు రాని రోజు ఆమె బడికి రాదు.

చట్టం ఆమె వైపే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం బడులు, కార్యాలయాలు అందరికీ అందుబాటులో ఉండాలి. కానీ గుమ్మం దగ్గర కొలత తప్పితే చట్టం కూడా మెట్ల కిందే ఆగిపోతుంది. అందుకే టేపుతో కొలిచి, భాగహారం చేయగలిగే మీరు కావాలి.

రెండు భాషల్లో ఒకే పనిముట్టు

మీరు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడతారు. ఈ పాఠంలో అది మీకు కలిసొస్తుంది. మన ఏతాన్ని కన్నడంలో ఏత అంటారు. మన కపిల వాళ్ల కపిలె. బావి గిలకను వాళ్లు రాటె అంటారు. మన రాట్నం గుర్తుకొచ్చిందా? రెండూ తిరిగేవే. గడ్డపారను కన్నడంలో హారె అంటారు. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి అయినట్టే, మన పార అక్కడ హారె అయింది. నేల గట్టు దాటినా పనిముట్టు అదే, పని అదే, పేరులో ఒక్క అక్షరం మారింది.

ఈ పేర్లు పుస్తకాల్లో కన్నా మనుషుల నోళ్లలో ఎక్కువగా ఉన్నాయి. గిలక చూడని పిల్లలకు గిలక అనే మాట ఎలా మిగులుతుంది? ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. వాళ్ల ఊళ్లో ఏ పనిముట్టుకు ఏ పేరో రాసుకోండి. అనంతపురం తాతయ్య చెప్పే మాట వేరు, పాలమూరు అమ్మమ్మ చెప్పే మాట వేరు. రెండూ రాయండి.

చేసి చూద్దాం

*నాణేల మీట:* 30 సెంటీమీటర్ల స్కేలును నడుమ పెన్సిలు మీద ఆనించండి. పెన్సిలుకు ఒకవైపు 5 సెంటీమీటర్ల దూరంలో 4 రూపాయి నాణేలు పెట్టండి. ఇంకోవైపు 10 సెంటీమీటర్ల దూరంలో ఎన్ని నాణేలు పెడితే స్కేలు సమంగా నిలుస్తుంది? ముందు ఊహించండి, తర్వాత పెట్టి చూడండి.

*చీపురు కర్రల కప్పీ:* ఇద్దరు చెరో చీపురు కర్ర అడ్డంగా పట్టుకుని ఎదురెదురుగా నిలబడండి. ఒక కర్రకు తాడు కట్టి, రెండు కర్రల చుట్టూ మూడు నాలుగు సార్లు తిప్పండి. మూడో వ్యక్తి తాడు కొస లాగాలి. మీలో అందరికన్నా చిన్నవాళ్లను ఆ మూడో వ్యక్తిగా నిలబెట్టండి. ఎవరు గెలుస్తారో చూడండి. కర్రల నడుమ వేళ్లు పెట్టకండి.

*రబ్బరు బ్యాండు త్రాసు:* బొమ్మ కారుకు రబ్బరు బ్యాండు కట్టి నేరుగా పైకి ఎత్తండి. బ్యాండు ఎంత సాగిందో కొలవండి. అదే కారును వాలుగా పెట్టిన అట్ట మీద లాగండి. మళ్లీ కొలవండి. వాలు తగ్గిస్తూ మూడుసార్లు చేసి పట్టిక రాయండి.

ఉపాధ్యాయులకు ఒక మాట

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతుంది. 1956లో 7వ సవరణ ద్వారా అది చేరింది. వసతి అంటే తరగతి గది, పాఠ్యపుస్తకం మాత్రమే కాదు. పిల్లవాడి ఇంట్లో ఉన్న మాట తరగతిలోకి రావడం కూడా. మేస్త్రీ కొడుకు, బావి తవ్వే ఇంటి కూతురు మీ తరగతిలో ఉంటే ఈ పాఠానికి వాళ్లే సగం గురువులు. వాళ్ల అమ్మానాన్నలు రోజూ చేసే పని వెనుక ఆర్కిమెడీస్ లెక్క ఉందని తరగతి అంతటి ముందు చెప్పండి. ఆ పిల్లలు ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వెళతారో గమనించండి.

వీలైతే పిల్లలను కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియానికి తీసుకెళ్లండి. 1965లో ప్రారంభమైన ఆ మ్యూజియంలో యంత్రాలను కళ్లారా చూడవచ్చు. ఆ పేరు గల ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వికులది గిద్దలూరు వైపున్న మోక్షగుండమని, 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం వేసింది ఆయనేనని కూడా చెప్పండి.

ఈ వారం పని

పిల్లలూ, టేపు ఒకటి, నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. మీ బడి, మీ అపార్టుమెంటు, మీరు వెళ్లే గ్రంథాలయం లేదా దుకాణం, ఏదో ఒక చోట ర్యాంపును పెద్దల తోడుతో కొలవండి. ఎత్తు ఎంత? పొడవు ఎంత? పొడవును ఎత్తుతో భాగించండి. జవాబు 12 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మంచి ర్యాంపు. తక్కువ వస్తే ఎంత తక్కువో రాయండి. ర్యాంపే లేకపోతే మెట్ల ఎత్తు కొలిచి, ఎంత పొడవు కావాలో మీరే లెక్క కట్టండి. ఆ లెక్కను తెలుగులో, కన్నడంలో ఒక చిన్న ఉత్తరంగా రాసి ప్రధానోపాధ్యాయులకు గానీ, అపార్టుమెంటు సంఘానికి గానీ ఇవ్వండి.

పెద్దవాళ్లకు చాలాసార్లు ర్యాంపు కట్టామని తెలుసు గానీ, అది 12కు బదులు 4 దగ్గరే ఆగిందని తెలియదు. మీ నోటు పుస్తకంలోని ఆ ఒక్క అంకె వాళ్లకు చెబుతుంది.